మెదడుకి బ్రేకు ఎలా పడుతుంది – 3వ పాఠం: క్లోరైడ్ లెక్క

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను కదా, ముందు దాని సంగతి తేల్చుకుందాం. టీబీకి వాడే ఐసోనియాజిడ్ మాత్రలు ఎవరైనా ఒకేసారి గుప్పెడు మింగేస్తే ఫిట్స్ మొదలవుతాయి, మామూలుగా ఫిట్స్ ఆపే డయజిపామ్ ఒక్కటే ఇస్తే అవి సరిగ్గా లొంగవు, బి6 విటమిన్ ఎక్కించాక లొంగుతాయి, ఎందుకు?

మెదడు కణాలకి బ్రేకు వేసే రసాయనం గాబా, అది ఎలా తయారవుతుందో రెండో పాఠంలో చూశాం. ఆ కణాలని రెచ్చగొట్టే గ్లుటమేట్‌ని గాబాగా మార్చే ఎంజైమ్ పేరు గ్యాడ్, అది పని చెయ్యాలంటే పక్కన బి6 ఉండి తీరాలి. ఐసోనియాజిడ్ మోతాదు మించితే శరీరంలో ఉన్న బి6ని పనికిరాకుండా చేసేస్తుంది, దాంతో గాబా తయారీ పడిపోతుంది. ఇక డయజిపామ్ సంగతి. అది గాబాకి బదులుగా పనిచేసే మందు కాదు. గాబా వచ్చి రిసెప్టర్ మీద, అంటే కణం పైన ఉండే తలుపు లాంటి గొట్టం మీద, కూర్చున్నప్పుడు ఆ తలుపు ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుంది, అంతవరకే. కూర్చోవడానికి గాబాయే కరువైన చోట అది ఎవరికి సాయం చెయ్యాలి? టీబీ కోర్సుతో పాటు చాలామందికి బి6 మాత్ర కూడా రాస్తారు, ముఖ్యంగా అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు రాకుండా అనుకోండి, కానీ మూలం అదే విటమిన్.

ఈ పాఠాల్లో నేను నేర్పాలనుకున్న విద్య ఇదే. ఫిట్స్ విషయంలో ఏ మందు పేరు విన్నా, ఏ జన్యువు పేరు విన్నా, అది బ్రేకులో ఏ భాగాన్ని పట్టుకుంటుందో మీ అంతట మీరే కనుక్కోగలగాలి. బట్టీ పడితే రెండు రోజుల్లో పోతుంది, ఇలా వెతుక్కుంటే పోదు. ఈ రోజు కాలిక్యులేటర్ కావాలి. ఫోన్‌లోదే చాలు, అడ్డంగా తిప్పితే సైంటిఫిక్ బటన్లు వస్తాయి, అందులో లాగ్ బటన్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

మధ్యలో చేరినవాళ్ల కోసం మొదటి పాఠం రెండు ముక్కల్లో చెప్తాను. న్యూరాన్ అంటే మెదడు కణం, దాని లోపలి వైపు బయటితో పోలిస్తే నెగటివ్‌గా ఉంటుంది, ఊరికే ఉన్నప్పుడు సుమారు మైనస్ 65 మిల్లీవోల్టులు అనుకుందాం. చుట్టుపక్కల నుంచి సంకేతాలు వచ్చి అది మైనస్ 50 దాకా ఎక్కిందంటే ఇక ఆగదు, సోడియం తలుపులు బార్లా తెరుచుకుని న్యూరాన్ కరెంటు కొడుతుంది. ఆ మైనస్ 50ని మనం గడప అని పిలుచుకుంటున్నాం. గ్లుటమేట్ పని గడప దాటించడం, గాబా పని దాటనివ్వకపోవడం. గుంపులు గుంపులుగా న్యూరాన్లు ఒకేసారి గడప దాటి, అదే తాళంలో మళ్లీ మళ్లీ కొడుతూ పోతే దాన్నే మనం ఫిట్స్ అంటున్నాం.

ఇప్పుడు అసలు విషయం. గాబా-ఏ రిసెప్టర్ ఐదు ముక్కలు గుండ్రంగా నిలబడిన గొట్టం అని చెప్పుకున్నాం, పెద్దవాళ్ల మెదడులో ఎక్కువగా కనిపించే రకంలో రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా. గాబా వచ్చి బీటాకీ ఆల్ఫాకీ మధ్య సందులో కూర్చుంటే గొట్టం తెరుచుకుంటుంది, అందులోంచి క్లోరైడ్ అయాన్లు పోతాయి. పుస్తకాల్లో ఇక్కడ ఒక వాక్యం ఉంటుంది: క్లోరైడ్ లోపలికి వస్తుంది, లోపల నెగటివ్ పెరుగుతుంది, అందుకే గాబా బ్రేకు. డిగ్రీలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను, తర్వాత కొన్నేళ్లు పిల్లలకి అదే చెప్పాను కూడా. ఆ వాక్యం చాలాసార్లు నిజం, కానీ ఫిట్స్ ఎందుకు ఆగకుండా సాగుతాయో, పసిపిల్లల ఫిట్స్ ఎందుకు మందుకి లొంగవో ఆ వాక్యంతో ఎప్పటికీ అర్థం కాదు. ఎందుకంటే గాబా చేసేది తలుపు తియ్యడం వరకే. క్లోరైడ్ లోపలికి రావాలా బయటికి పోవాలా అన్నది గాబా చేతిలో లేదు.

మరి ఎవరి చేతిలో ఉంది? రెండు లాగుళ్లు ఉన్నాయి. ఒకటి గాఢత. బయట క్లోరైడ్ ఎక్కువ, లోపల తక్కువ, కాబట్టి లోపలికి రావాలని చూస్తుంది. రెండోది కరెంటు. క్లోరైడ్ నెగటివ్, కణం లోపల కూడా నెగటివే, కాబట్టి లోపలి నెగటివ్ దాన్ని బయటికి తోస్తుంది. ఈ రెండూ సరిసమానమయ్యే వోల్టేజీ ఒకటి ఉంటుంది, అక్కడ క్లోరైడ్ అటూ పోదు, ఇటూ రాదు. ఆ వోల్టేజీని లెక్క కట్టే సూత్రం ఇచ్చింది జర్మనీ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్, 1920లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి. మన శరీరం వేడి, అంటే 37 డిగ్రీల దగ్గర, క్లోరైడ్‌కి ఆ సూత్రం ఇలా ఉంటుంది: బయటి గాఢతని లోపలి గాఢతతో భాగించండి, వచ్చినదానికి లాగ్ కట్టండి, దాన్ని 61.5తో గుణించండి, ముందు మైనస్ పెట్టండి.

చేసి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల న్యూరాన్‌లో బయట 120, లోపల 6 మిల్లీమోలార్ క్లోరైడ్ అని తీసుకోండి. 120ని 6తో భాగిస్తే 20. లాగ్ 20 అంటే 1.301. దాన్ని 61.5తో గుణిస్తే 80.0. మైనస్ పెడితే మైనస్ 80 మిల్లీవోల్టులు. న్యూరాన్ మైనస్ 65 దగ్గర ఉంది, క్లోరైడ్‌కి మైనస్ 80 కావాలి, కాబట్టి తలుపు తెరవగానే క్లోరైడ్ లోపలికి వచ్చి న్యూరాన్‌ని మైనస్ 80 వైపు కిందికి గుంజుతుంది. గడపకి ఇంకా దూరం. పుస్తకంలో వాక్యం ఇక్కడ నిజమే.

ఇప్పుడు లోపలి 6ని 12 చెయ్యండి. 120 బై 12 అంటే 10, లాగ్ 10 అంటే 1, జవాబు మైనస్ 61.5. లోపలి క్లోరైడ్ రెట్టింపయ్యేసరికి 18 మిల్లీవోల్టులకి పైగా పైకొచ్చేసింది చూడండి. 30 చెయ్యండి. 120 బై 30 అంటే 4, లాగ్ 0.602, జవాబు మైనస్ 37. గడప మైనస్ 50 దగ్గర ఉందని గుర్తుంది కదా? మైనస్ 37 గడపకి అవతల ఉంది.

లెక్కలో పిల్లలు చేసే తప్పులు మూడే మూడు. లాగ్ బదులు పక్కనే ఉన్న నేచురల్ లాగ్ బటన్ నొక్కుతారు, అప్పుడు 20కి 2.99 వస్తుంది, జవాబు మైనస్ 184 వచ్చిందంటే తప్పు అక్కడే జరిగిందని అర్థం. లోపలి గాఢతని పైన పెడతారు, జవాబు ప్లస్‌లో వస్తుంది. మూడోది, పొటాషియంకి నేర్చుకున్న గుర్తునే క్లోరైడ్‌కి వాడతారు. పొటాషియం పాజిటివ్, దానికి ముందు మైనస్ ఉండదు. ఇవి చూసుకుంటే చాలు. (జ్వరం వస్తే పిల్లలకి ఫిట్స్ వస్తాయి కదా, ఈ 61.5లో వేడి కూడా కలిసి ఉంది కదా, దానివల్లేనా అని ఒక అమ్మాయి క్లాసులో అడిగింది. చాలా మంచి ప్రశ్న. 39 డిగ్రీలకి కట్టి చూడండి, 61.5 కాస్తా 61.9 అవుతుంది, జవాబులో తేడా అర మిల్లీవోల్టు. కాబట్టి ఇది కారణం కాదు.)

రెండో ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ తికమక పడతారు, నేనూ పడ్డాను. లోపల 12 ఉన్నప్పుడు జవాబు మైనస్ 61.5. న్యూరాన్ మైనస్ 65లో ఉంది. అంటే గాబా తలుపు తెరిస్తే క్లోరైడ్ బయటికి పోతుంది, న్యూరాన్ కిందికి దిగదు సరికదా, మూడున్నర మిల్లీవోల్టులు పైకి ఎక్కుతుంది. మరి ఇది బ్రేకా, ఆక్సిలరేటరా?

బ్రేకే. ఎలాగో మా ఊళ్లో ఆవుని కట్టేసే తీరు చూస్తే తెలుస్తుంది. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పాడి లేని ఇల్లు తక్కువ, సాయంత్రం ఇంటి ముందు గుంజ పాతి ఆవుని కట్టేస్తారు. తాడు పొట్టిగా బిగించి కట్టారనుకోండి, ఆవు ఎటు పోవాలనుకున్నా గుంజ దగ్గరికే రావాలి. గుంజ పశువుల పాకలో ఉందా, వాకిట్లో ఉందా అన్నది వేరే సంగతి, గుంజ గడపకి ఇవతల ఉన్నంతకాలం ఆవు ఇంట్లోకి రాదు. పాకలో పడుకున్న ఆవుని తెచ్చి వాకిట్లో గుంజకి కట్టారు, అంటే గడపకి కొంచెం దగ్గరికే తెచ్చారు, అయినా ఆవు గడప దాటలేదు, ఎందుకంటే తాడు ఉంది. మన లెక్కలో వచ్చిన జవాబే గుంజ. తెరుచుకున్న గాబా తలుపులే తాడు, ఎన్ని తలుపులు తెరిస్తే తాడు అంత పొట్టి. గ్లుటమేట్ వచ్చి ఆవుని గడప వైపు తోలుతూ ఉంటుంది, తాడు గుంజ వైపు లాగుతూ ఉంటుంది. గుంజ మైనస్ 61.5 దగ్గర ఉంటే న్యూరాన్ అక్కడే కట్టుబడి ఉంటుంది.

ఇప్పుడు మూడో ఉదాహరణ మీకే అర్థమై ఉంటుంది. గుంజ మైనస్ 37 దగ్గర, అంటే ఇంటి లోపల, నట్టింట్లో పాతి ఉంది. ఇప్పుడు తాడు బిగిస్తే ఏమవుతుంది? తాడే ఆవుని ఈడ్చుకుంటూ గడప దాటిస్తుంది. అదే గాబా, అదే రిసెప్టర్, అదే తలుపు, ఒక్కటీ మారలేదు. లోపలి క్లోరైడ్ 6 నుంచి 30కి పోయింది, అంతే, బ్రేకు ఆక్సిలరేటర్ అయింది. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఈ పాఠం రాస్తున్నాను.

గుంజ ఎక్కడ పాతాలో చూసేవి రెండు పంపులు. కేసీసీ2 అనేది పొటాషియంతో పాటు క్లోరైడ్‌ని బయటికి తోడి పోస్తుంది. ఎన్‌కేసీసీ1 అనేది సోడియం, పొటాషియం పట్టుకుని వాటితో రెండు క్లోరైడ్‌లని లోపలికి తెస్తుంది. పెద్దవాళ్ల న్యూరాన్లలో కేసీసీ2దే పైచేయి, అందుకే లోపల క్లోరైడ్ తక్కువ. 1999లో ఫిన్లండ్‌లో హెల్సింకి శాస్త్రవేత్తలు ఎలుకల న్యూరాన్లలో కేసీసీ2 తయారు కాకుండా అడ్డుకుని చూపించారు, అది లేకపోతే గాబా కిందికి గుంజడం మానేస్తుంది.

కడుపులో ఉన్న బిడ్డకీ, అప్పుడే పుట్టిన బిడ్డకీ పరిస్థితి తిరగబడి ఉంటుంది. కేసీసీ2 ఇంకా సరిగ్గా తయారు కాలేదు, ఎన్‌కేసీసీ1 ఎక్కువగా ఉంది, లోపల క్లోరైడ్ నిండుగా ఉంది. గాబా వస్తే న్యూరాన్లు పైకి ఎక్కుతాయి. ఇది జబ్బు కాదు, మెదడు పెరగడానికి, న్యూరాన్లు ఒకదానితో ఒకటి జోడు కట్టడానికి ఆ చిన్న చిన్న ఉత్తేజాలు అవసరమే. కానీ ఆ వయసులో ఫిట్స్ వస్తేనే కష్టం. మనం గార్డినాల్ అని పిలిచే ఫీనోబార్బిటోన్ 1912 నుంచి ఫిట్స్‌కి వాడుతున్న మందు, గాబా తలుపు తెరుచుకున్నాక అది ఎక్కువసేపు తెరిచి ఉండేలా చేస్తుంది. అంటే తాడు పొట్టి చేస్తుంది. తాడు పొట్టి చేసే మందు ఎంత మంచిదైనా గుంజ సరైన చోట లేనప్పుడు దాని బలం తగ్గుతుంది కదా. పసిగుడ్డుల్లో చాలామందికి ఆ మందు ఒక్కటే సరిపోకపోవడానికి ఇదొక కారణం అని అనుకుంటున్నారు.

అయితే ఎన్‌కేసీసీ1ని మూసేస్తే పోలా అనిపిస్తుంది. మూసే మందు ఉంది కూడా, బ్యూమెటనైడ్, ఒంట్లో నీరు పోవడానికి వాడే పాత మందు. యూరప్‌లో అప్పుడే పుట్టిన బిడ్డలకి దాన్ని ఇచ్చి చూశారు, ఫిట్స్ మీద ఆశించినంత పని చెయ్యలేదు, పైగా వినికిడి దెబ్బతిన్న బిడ్డలు కనిపించారు, అధ్యయనం మధ్యలోనే ఆపేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఆ మందు మెదడులోకి సరిగ్గా చేరదు, అదే పంపు చెవి లోపల కూడా పని చేస్తుంది. కాగితం మీద లెక్క ఎంత సరిగ్గా కుదిరినా పసిబిడ్డ ఒంట్లో అది వేరే దారి పట్టొచ్చు, ఈ సంగతి తెలిసే మనం లెక్కలు నేర్చుకోవాలి.

పెద్దవాళ్లలో కూడా గుంజ జరుగుతుందా? జరుగుతుంది, అన్నిచోట్లా కాదు. మెదడులో కణతల వైపు ఉండే టెంపొరల్ లోబ్‌లో మొదలై, మందులకి లొంగని మూర్ఛ ఉన్నవాళ్లకి ఆపరేషన్ చేసి మెదడులో ఆ భాగం తీసేస్తారు. అలా తీసిన ముక్కని పారిస్‌లో కొందరు శాస్త్రవేత్తలు బతికించి ఉంచి, అందులో న్యూరాన్లు తమంతట తామే కొట్టుకోవడం గమనించారు, 2002లో ప్రచురించారు. అందులో కొన్ని న్యూరాన్లకి గాబా వస్తే అవి అణగలేదు, లేచాయి. గాబా తలుపులు మూసేసే మందు పోస్తే ఆ కొట్టుకోవడం ఆగిపోయింది! బ్రేకు తీసేస్తే బండి ఆగింది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కేసీసీ2 జన్యువులో తేడాలతో పుట్టి, నెలల వయసులోనే తీవ్రమైన ఫిట్స్ మొదలైన పిల్లల గురించి 2015లో తెలిసింది, ఆ జన్యువు పేరు ఎస్‌ఎల్‌సీ12ఏ5.

ఇక్కడ లెక్కకి ఒక సవరణ. గాబా తలుపులోంచి క్లోరైడ్ ఒక్కటే పోదు, బైకార్బొనేట్ కూడా పోతుంది, క్లోరైడ్‌లో ఐదో వంతు సులువుగా అనుకోండి. బయట 25, లోపల 15 అనుకుంటే, వాటిలో ఐదో వంతు 5, 3. వాటిని క్లోరైడ్‌కి కలపాలి. 120కి 5 కలిపితే 125, 6కి 3 కలిపితే 9. 125 బై 9 అంటే 13.89, లాగ్ 1.143, జవాబు మైనస్ 70.3. చూశారా, మైనస్ 80 అనుకున్న గుంజ అసలు మైనస్ 70 దగ్గర ఉంది, అంటే ఊరికే ఉన్న న్యూరాన్‌కి కాస్త కిందన. మెదడుకి ఉన్న అవకాశం మనం అనుకున్నంత పెద్దది కాదు, ఐదారు మిల్లీవోల్టులే. ఇంకో సంగతి, ఈ బైకార్బొనేట్ బయటికి పోతున్నా లోపల అయిపోదు, కార్బన్ డయాక్సైడ్ నుంచి ఒక ఎంజైమ్ దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే ఎసిటజోలమైడ్‌ని కొందరికి ఫిట్స్ మందుగా ఎందుకు వాడతారో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక అసలు ఫిట్స్ నడుస్తున్నప్పుడు ఏమవుతుందో చూద్దాం. తిరుమల నుంచి అలిపిరికి దిగే ఘాట్ రోడ్డు మీద, అదే 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీద, కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. న్యూట్రల్‌లో వేసి, కొండ పొడుగునా బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతారు. నాలుగు మలుపులకి చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు తొక్కినా బండి నిలబడదు. మా మామయ్య చాలా ఏళ్లు ఆ రోడ్డు మీద జీపు నడిపాడు, పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే మాట చెప్పేవాడు, "సెకండ్ గేర్‌లో దిగు నాయనా, బ్రేకుని దాచుకో, అవసరమైనప్పుడు కావాలి." ఆ బ్రేకుకి లోపం లేదు, మధ్యలో సేద తీరనివ్వకుండా వాడడం వల్లే అది పోయింది.

న్యూరాన్‌లో అచ్చంగా ఇదే జరుగుతుంది. ఫిట్స్ మొదలవగానే గాబా ఇచ్చే కణాలు పూర్తి బలంతో కొడతాయి, ఆపడానికే కొడతాయి. కొట్టిన ప్రతిసారీ క్లోరైడ్ లోపలికి వస్తుంది. న్యూరాన్ కొమ్మలు చాలా సన్నవి, చిన్న చెంబులో నీళ్లు పోసినట్టు త్వరగా నిండిపోతాయి, కేసీసీ2 తోడే వేగం చాలదు. 6 కాస్తా 8, 10, 14. గుంజ కొంచెం కొంచెంగా గడప వైపు జరుగుతుంది. ఇంతలో కేసీసీ2 క్లోరైడ్‌తో పాటు పొటాషియంని కూడా బయట పోస్తోంది కదా, న్యూరాన్లు కొట్టుకోవడం వల్ల కూడా పొటాషియం బయటికి వస్తోంది, మామూలుగా 3 దగ్గర ఉండే బయటి పొటాషియం ఫిట్స్ సమయంలో 10 దాకా పోతుంది. బయట పొటాషియం పెరిగితే న్యూరాన్ ఊరికే ఉన్నా గడపకి దగ్గరవుతుంది, దానికి తోడు కేసీసీ2 పంపు నడిచేదే పొటాషియం తేడా మీద, ఆ తేడా తగ్గితే పంపు మందగిస్తుంది. ఒకదాన్ని ఇంకొకటి ఎగదోస్తూ ఉంటాయి.

ఇది నిమిషాల లోపు సంగతి. ఫిట్స్ ఆగకుండా ఇంకా సాగితే ఇంకో దెబ్బ తగులుతుంది. పైన ఉన్న గాబా రిసెప్టర్లని న్యూరాన్ లోపలికి లాగేసుకుంటుంది, ముఖ్యంగా గామా ముక్క ఉన్నవాటిని. డయజిపామ్, లోరాజిపామ్, మిడజోలమ్ లాంటి మందులు కూర్చునే చోటు ఆల్ఫాకీ గామాకీ మధ్య సందే. ఆ రిసెప్టర్ పైన లేకపోతే మందు ఎక్కడ కూర్చోవాలి? అదే సమయంలో గ్లుటమేట్ అందుకునే ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్లు మాత్రం పైకి ఎక్కువగా వస్తాయి. అందుకే మొదటి నిమిషాల్లో ఒక్క డోసుతో ఆగే ఫిట్స్, అరగంట పోయాక అదే డోసుకి ఆగదు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే దాన్ని ఎమర్జెన్సీగా చూడాలని, 30 నిమిషాలు దాటితే మెదడుకి శాశ్వత నష్టం జరగొచ్చని 2015లో అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం గీత గీసింది. ఆ 5 అనే అంకె వెనకాల ఇంత రసాయనం ఉంది.

మా తమ్ముడికి పదకొండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. చిత్తూరులో ఇల్లు, పొద్దున పూట, పలక మంచం పక్కన కింద పడిపోయాడు, కళ్లు పైకి తేలేసి, ఎడమ చెయ్యి ముందు మొదలై ఒళ్లంతా కొట్టుకుంటోంది. అవ్వ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఒరే, బీరువా తాళాలు యాడ పెట్టినార్రా!" అని అరిచింది. నేను గూట్లోంచి తీసి ఇచ్చాను. ఇత్తడి రింగుకి ఆరేడు తాళం చెవులు, వాడి పిడికిట్లో పెట్టి పైన తన రెండు చేతులూ బిగించి పట్టుకుంది. వాడి వేళ్లతో పాటు ఆ గుత్తి గలగలలాడుతూనే ఉంది. కాసేపటికి గలగల నెమ్మదించింది, ఆగింది. తాళాలు పెడితే తగ్గిందని అవ్వ చనిపోయేదాకా నమ్మింది, నేనూ చాలా ఏళ్లు నమ్మాను.

అవ్వని నేను తప్పు పట్టను, తనకి తెలిసిన దారిలో మనవణ్ని కాపాడుకుంది. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల లోపు వాటంతట అవే ఆగుతాయి, ఆ చివరి క్షణంలో చేతిలో ఏముంటే దానికి పేరొస్తుంది, తాళాలైనా, ముక్కు దగ్గర పెట్టిన ఉల్లిపాయైనా. కానీ ఈ నమ్మకంతో ఒక నష్టం ఉంది. తాళాల కోసం వెతికేటప్పుడు గడియారం ఎవరూ చూడరు. మొదలైన టైము ఎంతో తెలియకపోతే 5 నిమిషాలు దాటిందో లేదో ఎలా తెలుస్తుంది? కాబట్టి మీ ఎదురుగా ఎవరైనా పడిపోతే ముందు టైము చూడండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చెంచా కూడా వద్దు, నీళ్లు కూడా వద్దు. చేతులు కాళ్లు బలవంతంగా అదిమిపట్టొద్దు. 5 నిమిషాలు దాటుతోందంటే, లేదా మధ్యలో తెలివి రాకుండా రెండోసారి మొదలైందంటే 108కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో పేషెంటు ఉన్నవాళ్లకి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే డాక్టర్లు రాసిస్తున్నారు, ఎప్పుడు ఎంత కొట్టాలో వాళ్ల దగ్గరే ఒకసారి చేయించి చూపించుకోండి. ఇంకోటి, ఈ పాఠం చదివి ఎవరూ మాత్రలు మానొద్దు, మార్చొద్దు. తాడు పొట్టి చేసే మందుని హఠాత్తుగా ఆపితే తాడు ఒక్కసారిగా వదులైపోతుంది, ఫిట్స్ ఇంతకుముందు కంటే గట్టిగా రావచ్చు. మా వాడు రోజూ వేసుకుంటున్నాడు, ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, తిరుపతిలో సొంతంగా షాపు నడుపుతున్నాడు.

ఫిట్స్ ఎందుకు వాటంతట అవే ఆగుతాయి అని మీలో కొందరికి ఈపాటికి ప్రశ్న వచ్చి ఉండాలి. బ్రేకు అరిగిపోతున్నప్పుడు ఆపేది ఎవరు? దానికి నాలుగో పాఠం కావాలి, అందులో అడెనొసిన్ అనే పదార్థం గురించీ, గాబా ఇచ్చే కణాల గురించీ మాట్లాడుకుందాం. డ్రావెట్ సిండ్రోమ్ (జన్యు లోపం వల్ల పసితనంలోనే మొదలయ్యే మూర్ఛ) ఉన్న పిల్లలకి కార్బమజెపీన్ అనే ఫిట్స్ మందు ఇస్తే ఫిట్స్ తగ్గకపోగా ఎందుకు పెరుగుతాయో కూడా అక్కడే తెలుస్తుంది, అది ఒక సోడియం తలుపు కథ.

ఈ వారం లెక్క. బైకార్బొనేట్ కలిపిన సూత్రమే వాడండి, బయట 125, లోపల క్లోరైడ్ ఎంతైతే అంతకి 3 కలపండి. లోపలి క్లోరైడ్‌ని 6 నుంచి ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోండి, ప్రతిదానికీ గుంజ ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాయండి. ఏ రెండు అంకెల మధ్య గుంజ మైనస్ 50 గడప దాటుతుందో కనుక్కోండి. దాటాక, గడప మైనస్ 50 కాకుండా మైనస్ 55 అయితే ఆ అంకె ఎంతకి మారుతుందో కూడా చూడండి, ఈ రెండోది తప్పకుండా చెయ్యండి, నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.